సున్నం పూయని లొట్టి

హన్మకొండలో సముద్రం లేదు.
అయినా నా బీకరులో సముద్రపు నాచు పొడి
పొద్దుటి నుంచి నానుతోంది,
గంజిలా చిక్కబడి, గరిటెను వదలకుండా.
అందులోకి
మేం చదువు చెప్పిన సూక్ష్మజీవుల్ని కలుపుతాను.
చదువంటే ఒక్కటే పాఠం:
చీము జాడ తగిలితే మందు చెయ్యి,
తగలకపోతే ఊరుకో.

పళ్లెంలో పలచగా పోసి
పైన కాల్షియం నీళ్లు చిలకరిస్తే
చూస్తుండగానే గడ్డకడుతుంది,
అరచేయంత బిళ్ళ.
దాని గోడలకు కిటికీలే గాని తలుపు లేదు.
లోపలికి తిండి వెళ్తుంది, బయటికి మందు వస్తుంది,
జీవి మాత్రం గడప దాటరాదు.
దాటితే చచ్చేలా
దాని పుట్టుకలోనే ఒక వాక్యం రాశాం.
ఆ వాక్యం కుదిరిన సాయంత్రం
క్యాంటీన్లో మిర్చి బజ్జీలు తిన్నాం,
నాకు బాగా గుర్తు.

బత్తిని సారంగం, అరవై రెండేళ్లు, నడికూడ.
గీత పని.
ఎడమ మడమ, షుగర్ పుండు, పద్నాలుగు నెలలు.
ఫారంలో ఇంతే పట్టింది.
గుజి ఒరుసుకుని నల్లబడ్డ చీలమండల్నీ
ఇంట్లో మేకుకు వేలాడుతున్న ముత్తాదునీ
ఫారం అడగలేదు.
"పాదం తీసేస్తమన్నరు బిడ్డా.
పాదం లేకుంటే తాడు నన్ను గుర్తువడతదా?"

పట్టకారుతో బిళ్ళ ఎత్తి చూపిస్తే
కిటికీ వెలుతురులోకి వంగి చూశాడు.
"గిది ముంజ."
కాదు తాతా, హైడ్రోజెల్.
"నువ్వేమన్న అను. లేత ముంజ.
లోపట నీళ్లు మెరుస్తలేవా?"
నిజమే, నూటికి తొంభై ఐదు పాళ్లు నీళ్లే.
నాలుగేళ్ల నా థీసిస్‌లో ఆ మాట
ఎక్కడా లేదు.

లోపల ప్రాణమున్నవి ఉన్నాయని
సంతకానికి ముందే చెప్పాలి, అది నియమం.
జడుసుకుంటాడనుకున్నాను.
నవ్వాడు.
"లొట్టిని కడిగీ కడగనట్టు కడుగుతం, ఎందుకో ఎరుకేనా?
అడుగున పాతది ఉంటెనే కొత్తది పొంగుతది.
నలభై ఏండ్ల సంది
కంటికి కానరానోళ్లతోనే నా కాపురం.
పులవొద్దనుకున్ననాడు లొట్టికి సున్నం పూస్తం,
తెల్లారినా తియ్యగనే ఉంటది.
మరి వీటికి సున్నమేది?"

మా పని చూడ్డానికి వచ్చిన ఏ కమిటీ కూడా
ఆ ప్రశ్న అంత పొట్టిగా అడగలేదు.
సున్నం వాటి లోపలే ఉంది తాతా, అన్నాను.
ఆయన నవ్వడం ఆపాడు.

మూడో రోజు వాసన తగ్గింది.
ఆరో రోజు జ్వరం.
ఆ రాత్రి వార్డు బయట బెంచీ మీద నేను
కల్చర్ రిపోర్టు కోసం గోళ్లు కొరుక్కుంటూ.
మావి కావు. అది మూత్రంలో ఇన్ఫెక్షన్.
సంతోషించినందుకు సిగ్గేసింది.
తొమ్మిదో రోజు పుండు అంచున
ఉల్లిపొరంత గులాబీ రంగు.
"మానుతోంది" అని రాశాను.
సారు కొట్టేసి "గమనించదగ్గ మార్పు" అన్నారు.

పద్నాలుగో రోజు బిళ్ళ తీసి
సంచిలో వేసి ముడి బిగించాను.
"ఏడికి కొంటవోతానవ్?"
శుభ్రం చెయ్యడానికి, అన్నాను.
"సంపుతానని చెప్పరాదు?"

చెట్టెక్కే ముందు భూమికి పోసే సాక.
వార్డులో కల్లు యాడిది?
స్టీలు గ్లాసు వంచి
మూడు చుక్కల నీళ్లు
మంచం పక్కన గచ్చు మీద వదిలాడు.
ఆయమ్మ గొణుక్కుంటూ తుడిచింది.

నూట ఇరవై ఒక్క డిగ్రీలు, పావుగంట.
ఆటోక్లేవ్ ముల్లు పైకి పాకుతుంటే
ఎప్పుడూ ఫోన్ చూసుకునేదాన్ని,
ఆవేళ ముల్లునే చూశాను.

రేపటికి మళ్లీ నాచు నానబెట్టాలి.
కాల్షియం సీసాకు లేబుల్ ఊడింది.
కొత్త కాగితం అంటించి, పెన్ను తీసి
సున్నం అని రాశాను.
కొట్టెయ్యబోయి
పక్కన ఫార్ములా ఒక్కటి చేర్చి
అలాగే వదిలేశాను.